మోచేతి దాకా

గోల్‌కీపర్‌కి మొహాలు తక్కువ తెలుస్తాయి.
ఆటంతా నేను చూసేది వీపులు.
పదకొండో నంబరు తవిటినాయుడిది, కుడిభుజం కాస్త జారి ఉంటుంది.
ఏడు బైద్యనాథ్ గొమాంగోది, ఎంత పరుగెత్తినా మెడ కదలదు.
పర్లాకిమిడిలో ఆ రెండు వీపులకీ
ఆదివారం దుకాణాలు కట్టేసుకుని వచ్చేవాళ్ళు.

మాది రైస్‌మిల్లు టీము.
నెలజీతం, బస్తా బియ్యం,
గోలుకి అయిదొందలు.
కొట్టినవాడికి మాత్రమే.
అందించినవాడికి లేదు.
ఆపినవాడి సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బైదుకి ఇంట్లో సవర, బజార్లో ఒడియా,
మాతో ఉన్నప్పుడు విరిచి విరిచి తెలుగు.
"బాఁ!" అని వాడొక్క కేక వేస్తే
బంతి ఎడమకి వెళ్ళిపోయేది.
అది ఏ భాషో తవిటి కర్ర ఏనాడూ అడగలేదు.

గుణుపురం మీద ఆఖరి నిమిషం.
ఇద్దరూ ఒకేసారి వంగారు. బంతి లోపల పడింది.
చివర ఎవరి కర్ర తగిలిందో
వంద గజాల ఇవతల నిలబడ్డ నాకేం తెలుస్తుంది?
"నాది" అన్నాడు తవిటి, నవ్వుతూనే.
"నాది" అన్నాడు బైదు, వాడూ నవ్వుతూనే.
భుజాల మీద చేతులేసుకుని ఫోటో దిగారు.

తెల్లారి ఒడియా పేపర్లో బైదు ఒక్కడే,
భుజం మీద ఎవరిదో చెయ్యి, మోచేతి దాకా.
శ్రీకాకుళం ఎడిషన్లో తవిటి ఒక్కడే,
భుజం మీద ఎవరిదో చెయ్యి, మోచేతి దాకా.
పాతపట్నం రోడ్డులో టీకొట్టు పాత్రో
గంజి రాసి రెండూ గోడకంటించాడు.
మధ్యలో బిస్కట్ల సీసా.

షావుకారు రెండొందల యాభై చొప్పున బల్లమీద పెట్టాడు.
ఇద్దరూ ముట్టుకోలేదు.
మేనేజరు ముట్టుకున్నాడు.

ఆ తరవాత బంతి నా దగ్గరికి ఎక్కువగా రావడం మొదలైంది.
ఎడమన ఖాళీ ఉన్నా తవిటి ముగ్గురి మధ్యలోంచే దూరేవాడు,
కుడిన తవిటి చెయ్యెత్తినా
బైదు బంతిని మూలకి తీసుకుపోయి పోగొట్టుకునేవాడు.
వాళ్ళు మాట్లాడుకోని మాటలన్నీ
నా ప్యాడ్ల మీద పడేవి.
రాత్రి విప్పి చూస్తే తొడలు వంకాయ రంగు.

ఒకసారి ఊకగుట్ట దగ్గర తవిటిని పట్టుకున్నాను.
"ఆళ్ళ పేపరు నన్ను కోసీసింది" అన్నాడు.
"ఆడు కోసేడేట్రా?"
"ఆడు నవ్వినాడు గదా."
బస్సులో బైదు పక్కన కూర్చున్నాను.
కాశీనగరం దాకా కిటికీలోకే చూశాడు.
దిగేముందు అన్నాడు,
"మీ పేపరోడు నా సెయ్యొక్కటీ ఉంచినాడు.
చెయ్యికి పేరు రాయరా?"

నా దగ్గర జవాబు లేదు.
నాది ఏ పేపర్లోనూ వేలు కూడా పడలేదు.

వానలు తగ్గాక బైదు రూర్కెలా వెళ్ళిపోయాడు.
ఉద్యోగం ఇచ్చారట, క్వార్టర్సట.
టీముకి తెలిసింది పాత్రో చెప్తేనే.
ఏడో నంబరు చొక్కా ఇప్పుడొక కుర్రాడికి వదులుగా వేలాడుతోంది.
మంచివాడే. చెప్పినచోట నిలబడతాడు.

తవిటి ఇప్పుడు పాసులిస్తున్నాడు.
ముగ్గుర్ని దాటి, తలెత్తకుండా,
కర్ర మణికట్టు దగ్గర చిన్నగా తిప్పి
ఎడమకి.
కుర్రాడు ఇంకా పది అడుగుల వెనక ఉంటాడు.
బంతి గీత దాటి గడ్డిలోకి పోతుంది,
ఈల మోగుతుంది, మిల్లువాళ్ళు తిడతారు.
నిన్న రెండుసార్లు. మొన్న నాలుగు.
ఎవరూ లేని చోటికి
ఇంత కచ్చితంగా అందించేవాణ్ణి నేను చూడలేదు.

నిన్న రెండోసారి పోయాక
వెనక్కి తిరిగి నావైపు చూశాడు.
మొహం ఎలా ఉందో చెప్పలేను.
ఎండ నా కళ్ళలో ఉంది,
పైగా బంతి మళ్ళీ నా మీదికే వస్తోంది.